సంచిలో మూడు జతల బూట్లు: నాలుగేళ్ల బాబు పాదాల కేసు

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం. సాయంత్రం ఓపీ మొదలవుతూనే ఒక కుటుంబం వచ్చి కూర్చుంది. అమ్మ, నాన్న, నానమ్మ, మధ్యలో నాలుగేళ్ల రెండు నెలల బాబు. బాబు సంగతి చెప్పకముందే నాన్న తన చేతిసంచిలోంచి మూడు జతల బూట్లు తీసి నా బల్ల మీద వరసగా పెట్టారు. "వీటిలో ఏది వెయ్యాలో చెప్పండి మేడమ్" అన్నారు.

"ఏదీ వద్దని సెప్పమ్మా" అంది నానమ్మ పక్క కుర్చీలోంచి.

నేను విశాఖపట్నంలో పిల్లల ఫిజియోథెరపిస్టుని. చదును పాదాలని వచ్చే పిల్లలు నా దగ్గర ఎక్కువే, అందులో చాలామందికి చికిత్స ఏమీ అక్కర్లేదు. ఈ కేసు రాయడానికి కారణం వేరు. ఇందులో నేను చేసిన పొరపాట్లు రెండున్నాయి, వాటిలో ఒకటి బయటపడటానికి నెలలు పట్టింది. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

ఏం చెప్పి వచ్చారు

పుట్టుకలో ఇబ్బంది లేదు. పదమూడో నెలలో నడిచాడు. ఇప్పుడు ఎల్‌కేజీ. ఫిర్యాదులు రెండు: పాదాలు చదునుగా ఉన్నాయి, పరుగెత్తితే పడిపోతున్నాడు. ఏడాది కిందట ఏదో ఫంక్షన్‌లో ఒక చుట్టం చూసి "వీడిది ఫ్లాట్ ఫుట్, రేపు పోలీసు సెలక్షన్‌లో తీసేస్తారు" అన్నాట్ట. నాలుగేళ్లు నిండని పిల్లాడి పోలీసు ఉద్యోగం గురించి అప్పటినుంచీ ఆ ఇంట్లో టెన్షన్.

ఆ టెన్షన్‌లోంచి పుట్టినవే బల్ల మీది మూడు జతలూ. మొదటిది చీలమండ దాకా వచ్చే గట్టి తోలు బూటు, లోపల అరికాలి వంపుకింద మెత్త. ఒక చోట కొలతలిచ్చి చేయించారు, ఐదు నెలలు తొడిగారు, వాడు రోజూ ఏడ్చాడు. రెండోది స్కూలు నల్ల బూటు. మూడోది దీపావళికి నాన్న ఆన్‌లైన్‌లో తెప్పించిన విదేశీ మినిమలిస్ట్ షూ. అయిదు వేలు దాటింది. డబ్బా మీద వట్టి కాళ్ల నడకే అన్న అర్థంలో ఏదో రాసి ఉంది. ఆయనకి దాని మీద గట్టి నమ్మకం. రాత్రి పదింటికి మొదలుపెట్టి ఒంటిగంట దాకా చదివి కొన్నాను అని చెప్పారు.

రాత్రిళ్లు అప్పుడప్పుడు రెండు పిక్కలూ నొప్పి అంటాడని, కాసేపు పిసికితే పడుకుంటాడని, పొద్దున్నకి ఏమీ ఉండదని అమ్మ చెప్పింది. ఇది ఈ వయసులో చాలామంది పిల్లలకి ఉండేదే. ఒకే కాలు నొప్పి అన్నా, పొద్దున లేవగానే కుంటుతున్నా, కీలు వాచినా నేను వేరే దారిలో ఆలోచించేదాన్ని.

పాదం కన్నా ముందు చూసింది

నాలుగేళ్ల మగపిల్లాడు తరచూ పడిపోతున్నాడంటే నేను పాదం దగ్గర మొదలుపెట్టను. నేల మీద కూర్చోబెట్టి, కాస్త దూరంలో బొమ్మ పెట్టి, లేచి తెచ్చుకోమంటాను. మోకాళ్ల మీద, తొడల మీద చేతులు ఆనించి తన ఒంటినే తాను ఎక్కుతున్నట్టు లేస్తే, పిక్కలు ఉండాల్సినదానికన్నా లావుగా గట్టిగా కనిపిస్తే, బూట్ల సంగతి పక్కన పెట్టి ఆ పూటే పిల్లల డాక్టరు దగ్గరికి పంపాలి. అది కండరాల జబ్బు అయి ఉండొచ్చు. చదును పాదాల మాటున అలాంటి కేసు దాటిపోతుందేమోనని నాకెప్పుడూ భయమే. ఈ బాబు బొమ్మ కోసం చేతులు ఆనించకుండా లేచి పరుగెత్తాడు. నా ఊపిరి అక్కడ కుదుటపడింది.

మునివేళ్ల మీద నిలబడమన్నాను. వెనకనుంచి చూస్తే మడమలు రెండూ లోపలికి తిరిగాయి, అరికాలిలో వంపు లేచింది. నిలబడి ఉండగా బొటనవేలిని పైకి ఎత్తినా వంపు లేచింది. అంటే పాదం బిగుసుకుపోయింది కాదు, బరువు పడినప్పుడు పరుచుకుంటోంది అంతే. చీలమండ పైకి బాగానే వంగుతోంది, పిక్క కండరం కురచ కాలేదు. పాదం నిలబడిన తీరుకి ఆరు చోట్ల చూసి మార్కులేసే ఎఫ్‌పీఐ పద్ధతి ఒకటుంది, మైనస్ 12 నుంచి ప్లస్ 12 దాకా. కుడి ప్లస్ 7, ఎడమ ప్లస్ 6. లోపలికి ఒరిగిన పాదమే, కానీ ఈ వయసుకి వింతేమీ కాదు.

కీళ్లు మాత్రం బాగా వదులు. బొటనవేలు వంచితే ముంజేతికి తగిలింది, మోచేతులు వెనక్కి వంగాయి. కీళ్ల వదులుని కొలిచే బైటన్ లెక్కలో 9కి 6. ఈ అంకె తరవాత పనికొస్తుంది.

ఒంటికాలి మీద కుడివైపు 5 సెకన్లు, ఎడమవైపు 4 సెకన్లు నిలబడ్డాడు. వట్టి కాళ్లతో. పరీక్ష అంతా వట్టి కాళ్లతోనే చేశాను. ఈ వాక్యం దగ్గర ఒక గుర్తు పెట్టుకోండి.

మా క్లినిక్ వెనక వరండాలో పాతకాలపు నాపరాళ్లు పరిచి ఉన్నాయి. పాదాలు తడిపి వాటి మీద నడిపిస్తే అచ్చు చక్కగా పడుతుంది. బాబుని నడిపించాను, రొట్టెముక్కలా నిండు అచ్చు పడింది. నాన్న ముఖం వాడిపోయింది. నాకెందుకో తోచి "అమ్మా, మీరు కూడా ఒకసారి నడవండి" అన్నాను నానమ్మని. ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి, పాదాలు తడుపుకుని నడిచింది. అచ్చు నిండుగానే పడింది. తరవాత నాన్న. ఆయనదీ అంతే. మూడు తరాల పాదాలు, మూడూ చదునే.

"ఏటి, నాదీ సదునేనా?" అని నానమ్మ నవ్వింది. "ఈ కాళ్లతోనే గదమ్మా, మొన్న ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ ముప్పై రెండు కిలోమీటర్లూ తిరిగొచ్చాను. సెప్పుల్లేకుండా."

ఆ ఇంట్లో పోలీసు ఉద్యోగం బెంగ ఆ రోజుతో సగం తగ్గింది. నేను ఎంత చెప్పినా అంత తగ్గేది కాదు.

నాన్న చదివింది, నేను చెప్పింది

ఆయన ఫోన్‌లో చూపించిన మొదటి అధ్యయనం మన దేశపుదే. మణిపాల్‌లో రావు, జోసెఫ్ అనే ఇద్దరు డాక్టర్లు 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు 2,300 మంది పాదాల అచ్చులు తీసి 1992లో అచ్చువేశారు. బూట్లు, చెప్పులు వాడే పిల్లల్లో చదును పాదాలు 8.6 శాతం, వట్టి కాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతం. వేళ్లు మూసేసే బూట్లు వాడేవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువ, శాండల్స్, చెప్పులు వాడేవాళ్లలో అంతకన్నా తక్కువ. ఈ తేడా కీళ్లు వదులుగా ఉన్న పిల్లల్లో మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. మన బాబు ఆ కోవలోకే వస్తాడు. 1995లో పెద్దవాళ్లు 1,846 మంది మీద చేసిన ఇంకో సర్వేలో, ఆరేళ్ల లోపు బూట్లు మొదలుపెట్టినవాళ్లలో చదును పాదాలు 3.24 శాతం, పదహారో ఏట మొదలుపెట్టినవాళ్లలో 1.75 శాతం.

"చూశారా మేడమ్, బూట్లే కారణం" అన్నారాయన.

అంత సూటిగా చెప్పలేం అన్నాను. అది సర్వే. బూటు వేసుకునే పిల్లాడికీ వేసుకోని పిల్లాడికీ ఇల్లు, ఊరు, ఆటలు, ఒంటి బరువు అన్నీ తేడాగా ఉండొచ్చు. పైగా అందులో బూట్లంటే 1990ల బూట్లు. మినిమలిస్ట్ షూ అనే మాటే అప్పుడు లేదు. దాన్ని బట్టి ఈ అయిదు వేల జత మంచిదనో చెడ్డదనో ఎవరూ తేల్చలేరు. ఆస్ట్రియాలో 2006లో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు 835 మందిని చూస్తే మూడేళ్లవాళ్లలో 54 శాతానికి చదును పాదాలున్నాయి, ఆరేళ్లవాళ్లలో 24 శాతానికే ఉన్నాయి. చికిత్స అవసరమైన పాదాలు నూటికి ఒకటి కూడా లేవు. ఈ వయసులో అరికాలి కింద కొవ్వు దిండు ఉంటుంది, ఎముకలు కొన్ని ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి, వంపు మెల్లగా తేలుతుంది.

తోలు బూటూ, లోపలి మెత్తా గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్పాను. అమెరికాలో 1989లో వచ్చిన ఒక పరిశోధనలో పిల్లలకి మూడేళ్లపాటు అలాంటి బూట్లు, మెత్తలు వేసి చూశారు. వేసుకున్నవాళ్ల పాదాలకీ వేసుకోనివాళ్ల పాదాలకీ తేడా రాలేదు. సరిచేసే బూటు అనే మాటే తప్పు, బూటు పని దెబ్బ తగలకుండా, మురికి అంటకుండా కాపాడటం వరకే అని 1991లో లిన్ స్టాహెలీ అనే పిల్లల ఎముకల డాక్టరు రాశారు. ఇది రాసి ముప్పై ఏళ్లు దాటినా మన దగ్గర గట్టి బూట్లు చేయించడం ఆగలేదు. బాబుని చూసిన ఎముకల డాక్టరుతో మాట్లాడి, ఆ జత పక్కన పెట్టించాను.

ఇక మినిమలిస్ట్ షూ. 2015లో నిపుణులు కూర్చుని దీనికి ఒక నిర్వచనం ఇచ్చారు: పాదం సహజ కదలికకి వీలైనంత తక్కువ అడ్డుపడేది, బాగా వంగేది, తేలికైనది, అడుగు అట్ట పలచగా ఉండేది, మడమకీ వేళ్లకీ ఎత్తు తేడా పెద్దగా లేనిది, పాదాన్ని పట్టి నిలిపే ఏర్పాట్లు లేనిది. నాన్న తెచ్చిన జతని చేతిలోకి తీసుకున్నాను. ముందు భాగం వేళ్ల దగ్గర వంగింది, తడిబట్ట పిండినట్టు మెలితిప్పితే తిరిగింది, మడమ ఎత్తు లేదు, ముందువైపు వెడల్పుగా ఉంది. "మంచి బూటే" అని బల్ల మీద పెట్టేశాను. అక్కడ కూడా ఒక గుర్తు పెట్టుకోండి.

"అయితే ఇది వట్టి కాళ్లతో సమానమేగా?" అని ఆయన అడిగిన ప్రశ్న మంచిదే. సమానం కాదు. బూటులో పాదం జారుతుంది. నేల మీద చర్మమే పాదాన్ని ఆపుతుంది. నేల చల్లగా ఉందా, గరుకుగా ఉందా అన్న కబురు అరికాలికి నేరుగా అందుతుంది. ఏ బూటు వేసినా పిల్లల అడుగు కొంచెం పొడవవుతుందని, పాదం లోపలి కదలిక తగ్గుతుందని 2011లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు చెప్పారు. మినిమలిస్ట్ షూలతో పాదం కండరాలు బలపడతాయన్నది నిజమే. 2021లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆరు నెలలు రోజూ వేయించి చూస్తే పాదం బలం సగటున 57 శాతం పెరిగింది. కాకపోతే వాళ్లు పెద్దవాళ్లు, అంతకుముందు మామూలు బూట్లు వాడినవాళ్లు. ఇంట్లో రోజంతా గచ్చు మీద వట్టి కాళ్లతో తిరిగే మన పిల్లాడికి ఆ లెక్క అతికించలేను. యూరప్ పిల్లలు ఇంటి లోపలా మేజోళ్లు, బూట్లు వేసుకునే రోజులు ఎక్కువ. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. సగం పని మనకి తెలియకుండానే జరిగిపోతోంది.

మొదటి ప్లాన్

పాదం బాగానే ఉంది, బూటు బాగానే ఉంది, మరి ఎందుకు పడుతున్నాడు? కీళ్లు వదులు, ఒంటికాలి నిలకడ ఇంకా రావాలి అనుకున్నాను. అందుకని వీలైనంత వట్టి కాళ్లు: ఇంట్లో ఎలాగూ, అపార్ట్‌మెంటు కింద, పార్కులో, ఆదివారం బీచ్‌లో ఇసుక మీద. ఎన్నిసార్లు పడుతున్నాడో గోడ క్యాలెండర్ మీద గీతలు గీయమన్నాను. మొదటి రెండు వారాల్లో 19 గీతలు. నానమ్మ గెలిచినట్టు వెళ్లింది, నాన్న కాస్త చిన్నబుచ్చుకున్నారు.

మార్చి చివర ఫోన్ చేస్తే గీతలు తగ్గాయన్నారు. ఏప్రిల్ రెండో వారంలో అమ్మే ఫోన్ చేసింది, గొంతులో కోపం. మధ్యాహ్నం రెండు గంటలకి ఐస్‌క్రీమ్ బండి గంట వినిపిస్తే నానమ్మ చేయి విడిపించుకుని బాబు కిందకి పరుగెత్తాడు. గేటు లోపల పరిచిన సిమెంటు పేవర్ బ్లాకుల మీద. రెండు అరికాళ్లూ బొబ్బలెక్కాయి. "మీరే కదా మేడమ్, వట్టి కాళ్లు అన్నారు?"

నేనే అన్నాను. ఏ నేల, ఏ టైమ్ అన్నది చెప్పలేదు. అది నా మొదటి పొరపాటు. వెంటనే 20 నిమిషాలు పంపు నీళ్ల కింద పెట్టమని, బొబ్బలు చిదపొద్దని, పేస్టులూ వెన్నా రాయొద్దని చెప్పి డాక్టరు దగ్గరికి పంపాను. మచ్చల్లేకుండా మానింది. పది రోజులు వాడు నడవలేదు, నాకు మొహం చెల్లలేదు.

వైజాగ్‌లో వేసవి అంటే ఎండ కన్నా నేల సంగతే ముందు చూడాలి. సిమెంటు, గ్రానైట్ మెట్లు, పార్కుల్లో రబ్బరు పలకలు, బీచ్‌లో నల్లటి ఖనిజాలు కలిసిన ఇసుక, ఇవన్నీ గాలి కన్నా ఎంతో ఎక్కువ కాలతాయి. పెద్దవాళ్లం చెప్పుల్లో నిలబడి "ఏం కాదులే" అంటాం. ఇప్పుడు నేను అందరికీ చెప్పే పద్ధతి, మన అరచేయి వెనక భాగం నేలకి ఆనించి అయిదు లెక్కపెట్టడం. మనం చేయి తీసేస్తే పిల్లాడి కాలు పెట్టకూడదు.

బూటు లోపల

పుండ్లు మానాక మే మొదట్లో మళ్లీ వచ్చారు. అరికాళ్లు లేతగా ఉన్నాయని మినిమలిస్ట్ షూ తొడిగి తెచ్చారు. గీతలు మళ్లీ పెరిగాయని అమ్మ చెప్పింది. ఈసారి ఆవిడ నాకన్నా తెలివిగా ఒక పని చేసింది: గీత పక్కన "బూ" అనో "వ" అనో రాసింది. రెండు వారాల్లో 18 సార్లు పడ్డాడు. "బూ" 15, "వ" 3.

ఆ అంకెలు చూడగానే బూటే దొంగ అనుకోకూడదు. బూటు వేసేది బయటికి, పరుగెత్తేది బయట, ఎగుడుదిగుడు ఉండేదీ బయటే. అందుకని మా వరండాలోనే, ఒకే నేల మీద, ఇటునుంచి అటు అయిదుసార్లు పరుగెత్తించాను, ఒకసారి బూటుతో, ఒకసారి వట్టి కాళ్లతో. బూటుతో రెండుసార్లు ముందుకి తూలాడు. వట్టి కాళ్లతో ఒక్కసారీ లేదు. ఒంటికాలి మీద వట్టి కాళ్లతో 6 సెకన్లు నిలబడ్డవాడు బూటుతో 2 సెకన్లకే కాలు దించాడు.

బూటు విప్పి లోపలి అట్ట బయటికి లాగాను. చెమటకి పాదం అచ్చు దాని మీద పడి ఉంది. వేళ్ల గుర్తులు అట్ట కొసకి ఎంతో దూరంలోనే ఆగిపోయాయి. టేపు పెట్టాను. పాదం 16.2 సెంటీమీటర్లు, బూటు లోపలి పొడవు 18.2. రెండు సెంటీమీటర్ల ఖాళీ. పెరిగే పాదానికి, నడకలో ముందుకి జరగడానికి కలిపి 10 నుంచి 12 మిల్లీమీటర్లు చాలు.

"రెండు సైజులు పెద్దది తీసుకున్నాం మేడమ్. అంత పెట్టి కొన్నాం, పెరిగే పిల్లాడు కదా" అన్నారు నాన్న.

మన ఇళ్లలో ఎవరిని తప్పు పట్టగలం? నా చిన్నప్పటి స్కూలు బూట్లలో మా అమ్మ దూది కుక్కేది. కానీ పలచటి, మెత్తటి బూటులో ఈ అలవాటు మరీ దెబ్బతీస్తుంది. గట్టి బూటయితే పట్టీ, మడమ కాస్త పట్టి ఉంచుతాయి. ఇది గుడ్డలాంటిది. ఖాళీగా ఉన్న ముందుభాగం పరుగులో మడతపడి నేలకి తట్టుకుంటోంది. పాదం జారిపోకుండా వాడు వేళ్లు ముడుచుకుని బూటుని పట్టుకుంటున్నాడు. వేళ్ల పైకణుపుల మీద చిన్న చిన్న కాయలు కాచి ఉన్నాయి. జనవరిలో కూడా ఉండే ఉంటాయి. నేను అరికాలి వంపు చూస్తూ కూర్చున్నాను, వేళ్ల పైభాగం చూడలేదు.

ఇదే నా రెండో పొరపాటు. బూట్ల సంచితో వచ్చిన పిల్లాడిని ఆ బూట్లు తొడిగి నడిపించి చూడలేదు. డబ్బా మీది పేరు చూసి, చేతిలో వంచి చూసి మార్కులేసేశాను.

నాన్న తెచ్చిన బూటు పద్ధతిలో తప్పు లేదు, నానమ్మ మాటలో తప్పు లేదు. ఒకటి కొలత తప్పింది, ఇంకొకటి వేళ తప్పింది. అంతకన్నా పెద్ద సిద్ధాంతమేదీ నాకు ఈ కేసులో కనబడలేదు.

పూర్ణా మార్కెట్ బూటు

కొత్తది ఏం కొనాలన్న ప్రశ్న వచ్చింది. ఇంకో అయిదు వేలు పెట్టడానికి నాన్న సిద్ధమే. నేను వద్దన్నాను. బాబు పాదాన్ని అట్టముక్క మీద నిలబెట్టి చుట్టూ గీత గీసి, ముందు ఒక సెంటీమీటరు వదిలి కత్తిరించి ఇచ్చాను. దాన్ని బూటు లోపల పెడితే ఎక్కడా మడతపడకూడదు, ముందూ వెనకా ఆడకూడదు. నిలబెట్టి గీయడం ముఖ్యం, ఎందుకంటే కూర్చుంటే పాదం చిన్నదవుతుంది, వదులు కీళ్ల పిల్లలకి మరీను. రెండు పాదాలూ గీసి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. సాయంత్రం గీస్తే ఇంకా మంచిది.

ఆ అట్టముక్కతో వాళ్లు రెండు మూడు చోట్ల తిరిగి చివరికి పూర్ణా మార్కెట్‌లో తెల్ల కాన్వాస్ పీటీ షూ కొన్నారు. మనందరం డ్రిల్లు పీరియడ్‌కి వేసుకున్నదే. వంచితే వంగుతుంది, మెలితిప్పితే తిరుగుతుంది, మడమ ఎత్తు లేదు, తేలిక. 2015 నిర్వచనంలో చాలా భాగం దానికి సరిపోతుంది. లోపాలూ ఉన్నాయి: ముందు భాగం కొన్నిట్లో కోసుగా ఉంటుంది, అందుకే అట్టముక్క తీసుకెళ్లమన్నది. వాళ్లకి నాలుగో జత సరిపోయింది. ఇంకొకటి, మన ఉక్కకి కాన్వాస్ చెమట పీల్చి తడిసిపోతుంది. ఆరబెట్టకుండా రోజూ వేస్తే వేళ్ల సందుల్లో చర్మం పాస్తుంది. రెండు జతలు మార్చి మార్చి వెయ్యమన్నాను. రెండు జతలు కలిపినా ఆ డబ్బా బూటు ధరలో పదో వంతు కాలేదు.

జూన్‌లో స్కూళ్లు తెరిచాక అమ్మ వెళ్లి టీచరుతో మాట్లాడింది. క్లాసులో పిల్లలు ఎలాగూ చాప మీదే కూర్చుంటారు, అందుకని బూట్లు గుమ్మం దగ్గర విప్పించడానికి ఆవిడ ఒప్పుకుంది. నల్ల బూటు అసెంబ్లీ వరకే. ఇది మా చికిత్సలో అన్నిటికన్నా తేలిగ్గా దొరికిన భాగం. నాలుగు గంటల వట్టి కాళ్లు, పైసా ఖర్చు లేకుండా.

వ్యాయామం అని నేను రాసిచ్చింది ఆటలే. నానమ్మకి తెలిసినవే. కుంటాట, నేల మీద సుద్దతో గీసిన తొక్కుడుబిళ్ల, మునివేళ్ల మీద నిలబడి అటక మీది డబ్బా అందుకోవడం, కాలి వేళ్లతో కర్చీఫ్ ఎత్తి బకెట్‌లో వెయ్యడం. "ఇదేటి, దీనికి డాక్టరు కావాలా?" అంది ఆవిడ. అక్కర్లేదన్నాను. ఆవిడే చేయించింది, రోజూ.

ఆదివారం పొద్దున్నే, ఏడున్నర లోపు, రుషికొండ ఇసుకలో నడక. ముందు పెద్దవాళ్లు ఒకసారి నడిచి గాజు పెంకులు, గాలాలు లేవని చూడాలి. తడి ఇసుక దగ్గర చేయి వదలకూడదు, మన తీరం ఉన్నట్టుండి లోతవుతుంది, అల కాలు లాగేస్తుంది. పిల్లాడికి పొడి ఇసుకే మంచి వ్యాయామం, కాలు దిగబడుతుంది, ప్రతి అడుగుకీ వేళ్లు పనిచేస్తాయి.

వానల్లో ఇంకో గొడవ

జులైలో నానమ్మ మనవడిని తీసుకుని విజయనగరం వైపు వాళ్ల ఊరికి పదిరోజులు వెళ్దామనుకుంది. "అక్కడ మట్టి నేలమ్మా, మెత్తగా ఉంటాది, గుంటడిని ఒగ్గీమను" అంది. ఇక్కడ నేను నాన్న వైపు మాట్లాడాల్సి వచ్చింది. వానాకాలం తడిమట్టి, బహిర్భూమికి వెళ్లే చోట్లు, తోటల నీడ, ఇవి కొంకిపురుగు (హుక్‌వార్మ్) లార్వాలకి ఇష్టమైన తావులు. అవి నోటి ద్వారానే రావాలని లేదు, కాలి వేళ్ల సందుల్లో చర్మం గుండానే లోపలికి పోతాయి. ముందు దురద, తరవాత పేగుల్లో చేరి రక్తం తాగడం, పిల్లాడు పాలిపోవడం. ఫిబ్రవరి 10న నులిపురుగుల దినోత్సవం నాడు స్కూల్లో బాబు ఆల్బెండజోల్ మాత్ర చప్పరించాడు. కానీ అది అప్పటికి ఉన్న పురుగుల్ని చంపుతుంది, రేపు ఎక్కేవాటిని ఆపదు. ఊళ్లో బయటికి బూట్లు, ఇంటి అరుగు మీద వట్టి కాళ్లు అని రాజీ కుదిరింది. పిల్లాడికి టీకాలన్నీ సమయానికి పడ్డాయో లేదో కార్డు తెప్పించి చూశాను. వట్టి కాళ్లు అని సలహా ఇచ్చేవాళ్లు ధనుర్వాతం టీకా అడగకుండా వదలకూడదని నా అభిప్రాయం.

నవంబర్

పది నెలలకి చివరి పరీక్ష. ఒంటికాలి మీద కుడి 10 సెకన్లు, ఎడమ 9. బూటుతోనూ దాదాపు అంతే. కుంటుకుంటూ వరండా చివరిదాకా వెళ్తాడు. క్యాలెండర్ గీతలు రెండు వారాలకి 4. వేళ్ల మీది కాయలు పోయాయి. రాత్రి పిక్కల నొప్పి నెలకో రెండు నెలలకో ఒకసారి అంటాడట.

పాదం? ఎఫ్‌పీఐ కుడి ప్లస్ 6, ఎడమ ప్లస్ 6. నాపరాయి మీద తడి అచ్చు జనవరిలో తీసిన ఫోటోతో పక్కపక్కన పెడితే తేడా పట్టుకోవడం కష్టం. నాన్నకి అదే చెప్పాను. వంపు వస్తుందని నేను మొదట కూడా అనలేదు. రావచ్చు, నానమ్మకి రానట్టే వీడికీ రాకపోవచ్చు. నొప్పి లేదు, పరుగు ఉంది.

పడటం ఎందుకు తగ్గిందన్నదానికి కూడా నా దగ్గర ఒకటే జవాబు లేదు. కొలత సరైన బూటు వేసిన మొదటి రెండు వారాల్లోనే గీతలు 18 నుంచి 8కి దిగాయి కాబట్టి అందులో బూటు వాటా పెద్దదే అనుకుంటున్నాను. తరవాతి నెలల్లో తగ్గినదానిలో కుంటాట వాటా ఎంతో, వయసు వాటా ఎంతో ఒక్క పిల్లాడిని చూసి విడదీయలేను. నాలుగేళ్లకీ అయిదేళ్లకీ మధ్య ఏమీ చెయ్యకపోయినా నిలకడ పెరుగుతుంది.

పాదాలు మళ్లీ కొలిచాను. 17 సెంటీమీటర్లు. కాన్వాస్ జత బిగుతవుతోంది, కొత్తది కొనాలి అన్నాను. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, ఫోన్ తీసి ఇంటికి చేశారు. అరగంటకి నానమ్మ ఆటోలో వచ్చింది, చేతిలో దుమ్ము కొట్టుకుపోయిన ఆ అయిదు వేల డబ్బా. అట్టముక్క కొత్తది గీసి లోపల పెట్టాను. పాదం ముందు 12 మిల్లీమీటర్లు ఖాళీ. బాబు తొడుక్కుని వరండాలో అయిదుసార్లు పరుగెత్తాడు, తూలలేదు.

"ఇంక ఆర్నెల్లు ఏస్తాడా ఇయ్యి?" అని అడిగింది నానమ్మ.

రెండు నెలలకోసారి కొలిచి చూద్దాం అన్నాను.